నడక, నడత

నడక, నడత, నడవడి. మూడు మాటలకీ ధాతువు ఒకటే. మనిషి ఎలా నడుస్తాడో అలాంటివాడు అని మన భాష ఎప్పుడో అనుకుని ఉంటుంది. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. మన నడక ఎంత తగ్గితే నడత అంత మంచిదన్నమాట. 'ఆ పిల్ల గడప దాటదండీ' అనేది పెళ్లిచూపుల్లో ఇప్పటికీ చెల్లే యోగ్యతాపత్రం. 'కాలు ఒకచోట నిలవదు' అంటే ఇక చెప్పేదేముంది? తిరుగు అనే క్రియలోంచి కూడా రెండు మాటలు వచ్చాయి. తిరుగుబాటు చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లింది. తిరుగుబోతు వీధి అరుగుల మీద ఉండిపోయింది. మగవాణ్ణి తిరుగుబోతు అంటే, పెళ్లయితే కుదురుకుంటాడులే అనే సానుభూతి కూడా ఆ మాట వెనకే వస్తుంది. ఆడదాన్ని అంటే ఆ తర్వాత ఇంకో వాక్యం ఉండదు.

సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని కాబట్టి మాటల్ని పట్టుకుని వేలాడటం నాకు అలవాటే. కానీ ఈ మాటలు నన్ను పట్టుకున్నది లైబ్రరీలో కాదు, రోడ్డు మీద. రెండేళ్లుగా మేం కొందరం ఆడవాళ్లం చలికాలంలో నెలకో ఆదివారం కలిసి నడుస్తున్నాం. అమలాపురం, రాజోలు, నరసాపురం, రాజమండ్రి నుంచి వస్తాం. ఇద్దరు లెక్చరర్లు, ఒక స్కూలు టీచరు, ఒక నర్సు, ఎల్‌ఐసీలో రిటైరైన ఒక అక్క, కథలు రాసే ఒకామె, నేను. మాకో పేరు లేదు, అధ్యక్షురాలు లేదు, బ్యానరు అసలే లేదు. పొద్దున్నే ఒక రేవులోనో కాలవ గట్టు మీదో కలుసుకుని సాయంత్రం దాకా నడుస్తాం. అంతే.

ఈ ఆలోచన ఇంగ్లండు నుంచి వచ్చింది. నాతో పాటు పీహెచ్‌డీ చేసిన స్నేహితురాలు ఇప్పుడు షెఫీల్డులో ఉంటుంది. అక్కడి నడక బృందంతో చలికాలం ఆదివారాల్లో కొండల్లోకి వెళ్తుంది. మోకాలి దాకా బురద బూట్లు, గొర్రెల మధ్య దారి, రాతిగోడ పక్కన ఫ్లాస్కులో టీ. ఆ ఫొటోలు పంపించి, 'మన దగ్గర ఇలా ఎందుకు నడవమే?' అని అడిగింది. ఎండలు, దుమ్ము, కుక్కలు అని నేను జవాబు రాశాను. చలికాలం ఎండ ఉండదు కదా అంది.

వాళ్లకీ ఆ దారులు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి కొన్ని వందలమంది కార్మికులు భూస్వాముల కాపలాని తోసుకుంటూ ఎక్కారు. అయిదుగురు జైలుకి వెళ్లారు. సొంత భూమి కాకపోయినా, సాగులో లేని కొండల్లో, బీడు నేలల్లో కాలినడకన తిరిగే హక్కు చట్టంగా రావడానికి 2000 దాకా పట్టింది. కానీ ఆ కొండలకి దగ్గర్లోనే ఉన్న లీడ్స్ నగరంలో 1977 నవంబరులో ఆడవాళ్లు ఇంకో రకంగా నడవాల్సి వచ్చింది. వరస హత్యలు జరుగుతున్నాయి, చీకటి పడ్డాక ఆడవాళ్లు బయటికి రావద్దు అని పోలీసులు చెబితే, హంతకుడు మగవాడైతే ఇంట్లో ఉండాల్సింది మేమా అని అడుగుతూ రాత్రిపూట వీధుల్లోకి వచ్చారు. కొండ మీద భూస్వామి కంచె తీసినా ఆడవాళ్లకి వీధిలో కంచె మిగిలే ఉంది. కోనసీమలో మొదటి రకం కంచె పెద్దగా లేదు. కాలవ గట్లు అందరివీ. గోదారి ఒడ్డు అందరిదీ. సముద్రం సంగతి చెప్పక్కర్లేదు. మాకున్నదంతా రెండో కంచే.

మొన్న డిసెంబరు 21న అంతర్వేది నడిచాం. నరసాపురం వైపు వాళ్లు పంటు మీద వశిష్ఠ దాటి సఖినేటిపల్లి రేవుకి వచ్చారు. పంటు నిండా మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, మంకీ క్యాపులు. పొగమంచులో అవతలి ఒడ్డు కనపడలేదు. ఏడింటికి రేవులో టీ తాగి బయల్దేరాం. సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదిపాలెం, అక్కణ్ణించి గుడి, గుడి నుంచి అన్నాచెల్లెళ్ల గట్టు. గోదావరి పాయ సముద్రంలో కలిసేది అక్కడే. ఆ తర్వాత భూమి లేదు.

ఈసారి మాతో మా అమ్మ వచ్చింది. అరవై ఒకటో ఏడు. అంతర్వేదికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని ఊళ్లో పుట్టి, అలాంటి ఇంకో ఊళ్లోనే కాపరం చేసింది. అంతర్వేదికి ఎన్నోసార్లు వెళ్లింది. మొక్కులకి, పుట్టువెంట్రుకలకి, భీష్మ ఏకాదశి రథోత్సవానికి. ఎప్పుడూ బస్సులోనో కారులోనో, ఎప్పుడూ పదిమంది చుట్టాలతో. ఒక్కసారీ తనకి తానుగా వెళ్లలేదు. నాతో నడుస్తానని అమ్మ అన్నప్పుడు నాన్న నిజంగా అర్థంకాక, 'ఆటోకి డబ్బుల్లేవా?' అన్నాడు.

అమ్మ చేతిలో ఒక సంచి. అందులో కొబ్బరికాయ, కర్పూరం, అరటిపళ్లు. 'దర్శనానికి కూడా వెళ్దామా?' అని అడిగాను. 'వెళ్తే వెళ్దాం. ఎవరైనా అడిగితే గుడికని చెప్పొచ్చు కదా' అంది. వర్జీనియా వుల్ఫ్ 1927లో రాసిన ఒక వ్యాసంలో, చలికాలం సాయంత్రం లండన్ వీధుల్లో తిరగాలనిపించి, పెన్సిలు కొనుక్కోవాలనే వంక పెట్టుకుని ఇంట్లోంచి బయటపడుతుంది. క్లాసులో ఆ వ్యాసం చెప్పినప్పుడల్లా పిల్లలకి ఆ పెన్సిలు గురించి పావుగంట మాట్లాడేదాన్ని. ఇకమీద మా అమ్మ కొబ్బరికాయ గురించి మాట్లాడితే చాలు.

అమ్మ నలభయ్యేళ్లు లేసు అల్లింది. నరసాపురం చుట్టుపక్కల ఇది ఇంటింటి సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన అల్లిక గోదావరికి అటూ ఇటూ ఊళ్లన్నిటికీ పాకింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లినవి పట్టుకెళ్తాడు. వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక, కరెంటు పోతే గుమ్మంలో వెలుతురుకి జరిగి అల్లడమే. నా డిగ్రీ ఫీజులో సగం ఆ సూది మొనే కట్టింది. రేషను కార్డులో మాత్రం అమ్మ గృహిణి.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి ఈ ఆడవాళ్ల మధ్య పరిశోధన చేసి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వేసింది. ప్రపంచ మార్కెట్టు కోసం రోజుకి ఆరేడు గంటలు పనిచేసేవాళ్లని తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులని పిలవడం వల్లే వాళ్లకి అంత తక్కువ ఇవ్వడం కుదిరింది అని ఆమె వాదన. స్త్రీవాద ఆర్థిక చర్చలో గృహిణీకరణ అనే భావన నిలబడటానికి మన గోదావరి జిల్లా ఇళ్లే సాక్ష్యం. ఆ పుస్తకంలో నన్ను ఇప్పటికీ వదలని సంగతి మరొకటుంది. లేసు అల్లే కాపుల ఇళ్ల ఆడవాళ్లు, పొలం పనికి వెళ్లే మాల మాదిగ ఆడవాళ్లకంటే తాము ఎక్కువ అనుకునేవారు. రోజు కూలి చూస్తే పొలం వెళ్లేవాళ్లకే ఎక్కువ వచ్చేది. అయినా బయటికి కదలక్కర్లేకపోవడమే వీళ్ల గౌరవం. అంటే తక్కువ కూలీలో మిగిలిన భాగాన్ని పరువు రూపంలో చెల్లించారన్నమాట. ఆ పరువుకి హామీగా పెట్టింది కాళ్లని.

మాదీ అలాంటి ఇల్లే. మా వీధిలో ఎవరు ఏ కులమో చిన్నప్పుడే నడకని బట్టి చెప్పేదాన్ని. తెల్లారకుండా కొడవలి పట్టుకుని గుంపుగా గట్టు వెంట వెళ్లేవాళ్లు ఒకరు. తల మీద చేపల తట్టతో కేకేసుకుంటూ వీధి వీధీ తిరిగేవాళ్లు ఇంకొకరు. గుమ్మంలో పీట మీద కూర్చునే ఉండేవాళ్లు మేము. నడవడం వాళ్లకి కూలి, మాకు తలవంపు. ఊరికే నడవడం అనేది మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

రోడ్డు మీద ఏడెనిమిదిమంది ఆడవాళ్లు స్పోర్ట్సు బూట్లేసుకుని చీరల్లో, చుడీదారుల్లో నడుస్తుంటే కోనసీమ ఊరుకోదు. ఆపి మరీ పలకరిస్తుంది. 'ఎక్కడికండీ అందరూ? గుడికాండీ?' 'ఆటో దొరకలేదాండీ?' ఒక పెద్దాయన సైకిల్ దిగి, 'మొక్కాండీ? మంచిదండి, పాదయాత్ర మంచిదే' అని మేం చెప్పకుండానే మాకో కారణం ఇచ్చి వెళ్లిపోయాడు. ఇంకో ఇద్దరు మేం ఏదో సర్వే వాళ్లమనుకున్నారు. ఒక ఇల్లాలు ఆధార్ కార్డు తెచ్చి చూపించింది. కోపం రాలేదు. ఆ ప్రశ్నల్లో వెక్కిరింత లేదు. పనిలేని నడక ఒకటుంటుందని వాళ్లకి తోచలేదు, అంతే. 'వై లాయిటర్?' అని 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి గురించి రాసిన పుస్తకం అడిగింది ఇదే. ఆడవాళ్లు బయట కనపడాలంటే చేతిలో ఒక పని ఉండాలి, కనీసం ఉన్నట్టు కనపడాలి. ముంబయిలో సెల్‌ఫోనో సంచో. మాకు కొబ్బరికాయ.

ధనుర్మాసం కాబట్టి వాకిళ్ల నిండా ముగ్గులు. మాతో ఉన్న తెలుగు లెక్చరరు తిరుప్పావై గుర్తుచేసింది. చలి పొద్దున ఆడపిల్లలు ఒకళ్ల ఇంటికి ఒకళ్లు వెళ్లి లేపుకుంటూ గుంపుగా కదలడం కదా అది. ముప్పై పాశురాల్లో పది, తలుపు దగ్గర నిలబడి స్నేహితురాళ్లని లేపడానికే సరిపోతాయి. పైకి అది వ్రతం. కానీ ఆ లేపడంలో ఉన్న ఎకసెక్కాలు, దెప్పుళ్లు, ముద్దు చూస్తే కలిసి వెళ్లడంలోని సంతోషం గోదాదేవికి బాగా తెలుసనిపిస్తుంది. మన సంప్రదాయంలో ఆడవాళ్ల చలికాలం నడక లేదని ఎవరన్నారు? ఉంది. కాకపోతే దేవుడి పేరు మీద రిజిస్టరై ఉంది.

సఖినేటిపల్లి దాటాక రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటి రెండు నెలలు కూడా కాలేదు. తలలు పోయిన కొబ్బరిచెట్లు అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. పది గంటలకి అమ్మకి మోకాలు పట్టేసింది. ఆటో ఎక్కించాం. నర్సు ఆమెతో వెళ్లింది. ఆటోవాడు డబ్బులు తీసుకుంటూ, 'ముందే ఎక్కాల్సిందండి' అన్నాడట.

రాయడానికి మొహమాటపడే సంగతి ఒకటి రాయాలి. నడక రోజున మేం నీళ్లు తాగం. తాగితే ఎక్కడికి వెళ్లాలి? ఇంగ్లండు స్నేహితురాలు పొద వెనక్కి వెళ్తామని తేలిగ్గా చెబుతుంది. ఇక్కడ పొద వెనక ఒక ఇల్లుంటుంది. అంతర్వేదిపాలెం దగ్గర ఇద్దరికి ఇక తప్పలేదు. ముగ్గు దిద్దుతున్న ఒకామెని అడిగాం. ఒక్క క్షణం మా అందరి మొహాలు చూసి, 'రండమ్మా, అందరూ రండి' అని పెరట్లోకి దారి చూపించింది. వెళ్లేటప్పుడు చెంబుతో మంచినీళ్లు కూడా ఇచ్చింది. ఆమె ఎవరని గానీ, మీరేవూళ్లని గానీ రెండు వైపులా అడగలేదు. ఆడవాళ్ల నడకకి పటం గీస్తే అందులో మొదట గుర్తించాల్సినవి ఇలాంటి పెరళ్లే. ఆడవాళ్లు ఎంత దూరం వెళ్లగలరనేది వాళ్ల కాళ్లు నిర్ణయించడం లేదు.

గుడి దగ్గర అమ్మని కలిశాం. ఇప్పుడున్న అంతర్వేది గుడి ఓడల వ్యాపారి కోపనాతి కృష్ణమ్మ కట్టించింది, 1823లో పూర్తయింది. పేరు చూసి మా కథకురాలు ఒక్క క్షణం పొంగిపోయింది గానీ కృష్ణమ్మ మగవాడే. ఆడమనిషి కథ ఇక్కడ ఇంకో గుడిలో ఉంది. గుర్రాలక్క. అశ్వరూఢాంబిక అంటారు. రక్తవిలోచనుడి రక్తం ఇసుకలో పడ్డ ప్రతి బొట్టుకీ ఒక రాక్షసుడు పుడుతుంటే, నరసింహస్వామికి యుద్ధం గెలవడం కుదరక ఆమెని పిలిచాడట. ఆమె నాలుక నేలంతా పరిచి ఒక్క బొట్టు కింద పడకుండా పట్టింది. రాక్షసుడు పోయాక ఆ రక్తాన్ని వదిలితే రక్తకుల్య అనే ఏరు అయిందని స్థలపురాణం. గెలుపు అన్నది. రథోత్సవమూ అన్నదే. రథం మీద వెళ్తూ చెల్లెలికి చీరా సారే ఇస్తాడు. గుర్రమెక్కి తిరిగిన మనిషిని ఒకచోట కూర్చోబెట్టి ఏడాదికోసారి పుట్టింటి చీర పంపడం! ఎల్‌ఐసీ అక్క, 'మా అన్నయ్యలూ అంతే, ఆస్తి పంపకాల దగ్గర నుంచి' అంది. గుడి మెట్ల మీద అందరం పగలబడి నవ్వాం.

కొబ్బరికాయ కొట్టేశాం. అంటే అమ్మ చేతిలో వంక అయిపోయింది. ఇక్కడితో ఆగుతుందనుకున్నాను. గట్టు దాకా ఇంకో రెండు కిలోమీటర్లు ఉంటుంది. 'నువ్వు ఇక్కడ కూర్చో, మేం వెళ్లొస్తాం' అన్నాను. 'నలభై ఏళ్లు కూర్చున్నాను కదే' అని చెప్పులు వేసుకుంది.

సరుగుడు తోటలు, ఇసుక, దూరంగా లైట్‌హౌసు. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు, నెత్తి మీద అల్యూమినియం గిన్నెలతో, పల్లిపాలెం వైపు నుంచి వస్తున్నారు. పెద్దామె అమ్మ ఈడుది. ఆగి, 'ఏమ్మా, గుడి అటు కదా, ఇటు ఎక్కడికి?' అంది. నేను జవాబు చెప్పేలోపు అమ్మే అంది, 'ఊరికేనమ్మా. నడుద్దామని.' ఆమె గిన్నె సర్దుకుని మమ్మల్నందర్నీ పైనుంచి కింది దాకా చూసింది. 'నడిస్తే ఎవరైనా ఎంతన్నా ఇత్తారా?' అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. లేదన్నాం. 'మాకు కాళ్లరిగిపోతన్నాయి, మీకు సరదా' అని నవ్వి, వెళ్తూ వెళ్తూ అమ్మతో, 'తడి ఇసక మీద నడువమ్మా, మోకాళ్లకి పొడి ఇసక పనికిరాదు' అంది.

గట్టు మీద ఒక వైపు గోదారి, ఒక వైపు సముద్రం. మధ్యలో ఇసుక. అన్నాచెల్లెళ్ల గట్టుకి అన్నలెవరూ లేకుండా వచ్చామని ఎవరో అన్నారు. అంబాజీపేట నుంచి తెచ్చుకున్న పొట్టిక్క బుట్టలు అక్కడ విప్పుకుని తిన్నాం. అమ్మ తడి ఇసుక మీదే అటూ ఇటూ చాలాసేపు నడిచింది. ఏమనిపించిందని ఆ రోజు నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ప్రతి అనుభవాన్నీ మాటగా మార్చమని అడగడం పరిశోధకుల అలవాటు. దానికీ ఒక సెలవు ఉండాలి.

ఆ చేపలామె ప్రశ్న మాత్రం తిరుగు ప్రయాణంలో పంటు మీద కూడా మాతోనే వచ్చింది. స్కూలు టీచరుకి కోపం వచ్చింది. 'మనం సరదాపడే హక్కు కోసమే కదా ఇదంతా? వారమంతా స్కూలు, ఇల్లు, అత్తగారి మందులు. నాకు ఈ ఒక్క ఆదివారం కోసం ఇంట్లో మూడు రోజుల వంట ముందే చేసిపెట్టి రావాలి' అంది. అదీ నిజమే. మాలో ఒక లెక్చరరు ఆ రోజు రాలేకపోయింది. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో జరిగిన గొడవ గురించి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. మా నడక సరదా అనిపించేది దాన్ని దూరం నుంచి చూసేవాళ్లకే.

అయినా నాకనిపించేది ఇది. ఇల్లు కదలని ఆడదాని పరువూ, కాళ్లరిగే ఆడదాని చవక కూలీ ఒకే లెక్క పుస్తకంలో ఎదురెదురు పేజీలు. ఒక పేజీ చింపి రెండోది ఉంచడం కుదరదు. గడప దాటడాన్ని మనం ఎప్పటినుంచో విముక్తికి గుర్తుగా రాస్తున్నాం. 1870ల మొదట్లో సముద్రాలు దాటి ఇంగ్లండు చూసొచ్చి, 1876లో మద్రాసులో దాని మీద పుస్తకం వేసిన పోతం జానకమ్మ నుంచి మన యాత్రా సాహిత్యాన్ని గర్వంగా లెక్కపెట్టుకుంటాం. ఆ లెక్కలో తట్ట నెత్తిన పెట్టుకుని రోజూ గడప దాటిన ఆడవాళ్లు లేరు. వాళ్లకి విముక్తి అంటే బహుశా ఒకరోజు కూర్చోవడం. తీరిగ్గా, ఎవరి దయా లేకుండా, కూలి పోకుండా కూర్చోవడం. మా అమ్మ ఊరికే నడవగలగడం, ఆమె ఊరికే కూర్చోగలగడం, ఈ రెండూ ఒకే కోరిక. మా అమ్మ గౌరవంగా కూర్చుండిపోయిన ఆ నలభై ఏళ్లూ, ఆ గౌరవానికి కింద మెట్టుగా నిలబెట్టింది వాళ్ల నడకనే కాబట్టి, ఈ కోరికని మా ఒక్కళ్ల కోసం అడగడం నాకు చేతకాదు.

జనవరి నడకకి ఊరు ఇంకా నిర్ణయించలేదు. రెండు సంగతులు మాత్రం అనుకున్నాం. ఆదివారం చేపలవాళ్లకి గిరాకీ రోజు కాబట్టి ఈసారి వేరే రోజు పెట్టి, పల్లిపాలెంలో ఎవరైనా వస్తారేమో అడగడం. నడవడానికి కాదు, మాతో కూర్చుని టీ తాగడానికి. రెండోది, దారిలో ఎవరి పెరట్లో అడగొచ్చో, ఎక్కడ నీడలో కూర్చోవచ్చో, ఏ బస్సు ఎన్నింటికో మా నర్సు ఒక నోటుపుస్తకంలో రాస్తోంది. అంతర్వేది పేజీలో మొదటి వాక్యం మా అమ్మ చెప్పి రాయించింది: మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తడి ఇసుక మీద నడవాలి.